దించిన సామాను

ట్రక్కు పెద్ద రోడ్డు వదిలి ఎడమకి తిరిగేసరికి థర్మన్ బీజ్లీ వెనక సీట్లోంచి ముందుకి వంగాడు.

"ఇదేంటి, ఇది మా వీధి కదా" అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్న యజమాని కోవాచ్ వెనక్కి తిరగనైనా లేదు. "అయితే ఏంటి?"

"మా వీధి పని నాకు చెప్పొద్దన్నాను. చేరిన రోజే చెప్పాను నీకు."

"నువ్వు చెప్పావు. నేను సరే అన్నానా?"

ట్రక్కు హాథోర్న్ కోర్ట్ ముందు ఆగింది. నాలుగంతస్తుల పాత ఇటుక భవనం. అందులో కింది అంతస్తులో వెనకవైపు రెండు గదుల్లో థర్మన్, అతని భార్య వెర్లీన్ కాపురం. పొద్దున అదే గుమ్మంలోంచి, చలికి చెవులు కప్పుకుని, పనికి బయల్దేరాడు. ఇప్పుడు భుజాన మోకులతో మళ్లీ అదే గుమ్మం ముందు దిగాడు.

అద్దెకున్నవాళ్లని వెళ్లగొట్టమని కోర్టు చెబితే, ఆ ఆర్డరు పట్టుకుని తలుపు కొట్టడానికి అమీనా వస్తాడు. సామాను మోసి రోడ్డు వారన పడెయ్యడానికి కోవాచ్ మనుషులు వస్తారు. కూలి ఆ ఇల్లు సొంతమైన కంపెనీ ఇస్తుంది. క్లీవ్‌లాండ్ తూర్పున నల్లవాళ్లుండే వీధుల్లో ఆ తెల్ల ట్రక్కు కనిపిస్తే ఆడుకునే పిల్లలు కూడా ఆట ఆపేస్తారు. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడి, నడుం దెబ్బతిన్నాక థర్మన్‌కి దొరికిన పని అది. నడుం చెడ్డవాడికి బరువులు మోసే పనే దొరికిందని మొదట్లో నవ్వుకునేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. 'నేను కాకపోతే ఇంకొకడు మోస్తాడు' అన్న ఒక్క ముక్క పట్టుకుని ఏళ్లు నెట్టుకొచ్చాడు.

"మూడో అంతస్తు" అన్నాడు అమీనా గ్రేడీ. "ప్రూయిట్ అట."

థర్మన్ కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి. మిస్ ఒజెల్లా ప్రూయిట్. బడి వంటశాలలో ముప్పావు జీవితం గడిపిన మనిషి. ఆ భవనంలో పెరిగి పెద్దవాళ్లయినవాళ్లలో ఆవిడ చేతి చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తిననివాళ్లు లేరు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఆక్సిజన్ మిషను పక్కన కూర్చుని రోజులు లాగుతోంది. క్రిస్మస్‌కి ముందే భవనమంతటికీ వేడినిచ్చే బాయిలర్ చచ్చింది. గోడవారన ఇనుప హీటర్లు శవాల్లా చల్లబడ్డాయి. కంపెనీకి ఫోన్ చేసి చేసి విసిగి, ఆవిడ నగర ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు, చేతులు రుద్దుకుంటూ చూశాడు, తప్పు అని రాసి పోయాడు. బాయిలర్‌కి ఏమీ కాలేదు. ఆవిడని మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఎందుకని అడిగితే, నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్లకి కారణం చెప్పక్కర్లేదన్నారు.

తలుపు తీసి ఉంది. ఆవిడ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, చర్చికి బయల్దేరినట్టు కూర్చుని ఉంది.

"థర్మన్! నువ్వా నాయనా?"

"నేనేనండి, మిస్ ఒజెల్లా."

"పోనీలే. తెలిసినవాడివి. నా గాజు గిన్నెలు పగలకుండా దించుతావు."

వెనకాలే వచ్చిన ఎఫ్రాయిన్, పోర్టోరికో మనిషి, థర్మన్‌తో ఏళ్లుగా జత కట్టి మోస్తున్నవాడు, తల వంచుకుని మంచం విప్పడం మొదలెట్టాడు. మూడో మనిషి లెరాయ్, ఎద్దులాంటివాడు, బీరువాని ఒక్కడే వీపున వేసుకున్నాడు. వంటగది పోయింది. మంచం పోయింది. ఆవిడ కూర్చున్న కుర్చీ, మిషను మిగిలాయి.

"మిషను ఆఖర్న తియ్యి నాయనా. అంబులెన్సు వాళ్లకి చెప్పాను, వస్తామన్నారు."

గ్రేడీ గడియారం చూసుకున్నాడు. "అమ్మా, నాకు ఇంకా నాలుగిళ్లున్నాయి. కిందికి వెళ్లి కూర్చోండి, అక్కడికే వస్తారు వాళ్లు."

"బయటికి పట్టుకెళ్లే చిన్న సిలిండరు అయిపోవచ్చింది బాబూ."

"నేను డాక్టర్ని కాదమ్మా." తర్వాత థర్మన్ వైపు తిరిగాడు. "తీసెయ్."

థర్మన్ వంగి, గోడలోంచి ప్లగ్గు లాగాడు. ఇంతసేపూ గుర్రుమంటూ ఉన్న మిషను ఆగిపోయింది.

మిస్ ఒజెల్లాని కుర్చీతో సహా మోసి కాలిబాట మీద, మంచులో, ఆవిడ మంచానికీ గిన్నెల పెట్టెలకీ మధ్య కూర్చోబెట్టారు. ఊరి ఉత్తరాన ఉన్న సరస్సు మీంచి కత్తిలాంటి గాలి వస్తోంది. ఆస్పత్రి వంటగదిలో రాత్రి డ్యూటీ దిగి వెర్లీన్ సరిగ్గా అప్పుడే బస్సు దిగింది. పరుపు మోస్తూ మెట్లు దిగుతున్న మొగుణ్ని చూసింది. మిస్ ఒజెల్లాని చూసింది. తన కోటు విప్పి ముసలావిడ చుట్టూ కప్పి, ఒట్టి యూనిఫాంలో ఆవిడ చేతులు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. అంబులెన్సు వచ్చేసరికి మిస్ ఒజెల్లా పెదాలు నీలిరంగు తిరిగాయి.

ఆ వారంలోనే ఆవిడ ఆస్పత్రిలో పోయింది. న్యుమోనియా అని రాశారు. చలి అని ఎవరూ రాయరు. కంపెనీ అని అసలే రాయరు.

ఆవిడ పోయిన రోజు వెర్లీన్ భోజనం బల్ల దగ్గర నోరు విప్పింది.

"నీకు కూలి ఎవరిచ్చారు?"

"కోవాచ్."

"కోవాచ్‌కి?"

"కంపెనీ. ఎందుకడుగుతున్నావు?"

"ఆ కూలి పట్టుకెళ్లి మనం అద్దె ఎవరికి కడుతున్నాం? అదే కంపెనీకి. వాడి జేబులోంచి బయల్దేరిన డబ్బు నీ చేతులకి మసి పూసి, మళ్లీ వాడి జేబులోకే పోతోంది. మధ్యలో మిస్ ఒజెల్లా పోయింది. మనకేం మిగిలింది, థర్మన్?"

"అయితే పని మానెయ్యమంటావా? మనం కూడా రోడ్డు మీద పడదామా?"

"నన్నడక్కు. ఆవిణ్ని అడుగు."

ఆ రాత్రి థర్మన్ నిద్రపోలేదు. తను కాకపోతే ఇంకొకడు మోసేవాడు, నిజమే. కానీ ఆ ఇంకొకడు మిస్ ఒజెల్లా రొట్టె తిని ఉండడు.

*

మిస్ ఒజెల్లాని సమాధి చేసిన ఆదివారం మధ్యాహ్నం హాథోర్న్ కోర్ట్ జనం నేలమాళిగలో బట్టలుతికే గదిలో చేరారు. పక్క గదిలో బాయిలర్ ఉంది. అందరూ కోట్లు వేసుకునే ఉన్నారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి.

పిలిచింది ఒడెట్ రాలిన్స్. సిటీ బస్సు నడుపుతుంది. రెండో అంతస్తులో ఏడేళ్ల కూతురు నైలాతో ఉంటుంది. నైలాకి ఉబ్బసం. వాళ్ల స్నానాలగది పైకప్పంతా నల్ల బూజు. ఒడెట్ నెలకోసారి బ్లీచింగుతో కడుగుతుంది, అది నెలకోసారి మళ్లీ పూస్తుంది. ఆ చలికాలం ఆ భవనంలో అందరిలాగే ఆమె కూడా వంటపొయ్యి తలుపు తెరిచి పెట్టి, దాని సెగ దగ్గరే పిల్లని పడుకోబెడుతోంది.

"అద్దె కట్టం. బాయిలర్ పనిచేసేదాకా, బూజు పోయేదాకా ఎవరం కట్టం. అందరం ఒకేసారి" అంది ఒడెట్.

"ఒకేసారి అందర్నీ వెళ్లగొడతాడు" అన్నారెవరో.

"అందర్నీ ఎక్కడికి పంపుతాడు?"

"వాడికెందుకు, ఎక్కడికైతే? నిన్న మా చెల్లెలు ఇల్లు వెతుక్కుంటూ పోతే, ఇదివరకు కోర్టులో కేసు ఉందా అని అడిగారు. ఉందంటే తలుపేసేశారు. ఒకసారి పేరెక్కిందంటే ఇక ఈ ఊళ్లో కుక్క గూడు కూడా ఇవ్వరు మనకి."

డీకన్ హాలిస్ లేచాడు. తెల్ల జుట్టు, ఇస్త్రీ చొక్కా, చర్చి పెద్దల్లో మాట చెల్లేవాడు. "చట్టం ఉంది. అద్దె కోర్టులో కట్టుకోవచ్చు. కోర్టే వాడిచేత పని చేయిస్తుంది."

ఒడెట్ నవ్వింది. "డీకన్ గారూ, పోయిన ఏడాది మొదటిసారి వేడి ఆగినప్పుడు నేను అలాగే కట్టాను. జడ్జి ఆ డబ్బు తీసి కంపెనీకే ఇచ్చాడు, బాయిలర్ బాగుచెయ్యమని. వెళ్లి చూడండి వాళ్లేం చేశారో."

నలుగురైదుగురు పక్క గదిలోకి తొంగి చూశారు. బాయిలర్‌కి కొత్తగా రంగు వేసి ఉంది. పచ్చగా, నిగనిగలాడుతూ, మంచుగడ్డలా చల్లగా.

జనం నవ్వారు. కడుపు మండినవాళ్ల నవ్వు. అది ఇంకా పూర్తి కాకుండానే మెట్ల మీద థర్మన్, వెర్లీన్ కనిపించారు. నవ్వు ఆగిపోయింది.

"వీడెందుకొచ్చాడు?" గ్లోరిస్ గొంతు. నాలుగో అంతస్తు మనిషి. మిస్ ఒజెల్లా చిన్నప్పట్నుంచీ ఎత్తుకు పెంచింది ఆమెని. "ఎవరెవరి సామాను ఎంత బరువుందో చూసుకోడానికా?"

"గ్లోరిస్..." అంది వెర్లీన్.

"నువ్వూరుకో అక్కా. నీ మీద నాకేం లేదు. కాకి వచ్చి వాలిందంటే శవం ఉన్నట్టే. పొమ్మను."

"పో! పో!" అన్నారు ఇంకొందరు.

థర్మన్ పోలేదు. టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "మిషను ప్లగ్గు పీకింది నేనే" అన్నాడు. "మీరు తిట్టండి. తిట్టాలి. కానీ నాకు మాటలు రావు, ఒక్క ముక్క చెప్పి పోతాను. అమీనా ఒక్క కుర్చీ ఎత్తడు. జడ్జి ఎత్తడు. కంపెనీ మేనేజరు ప్రెస్కాట్ ఎత్తడు. కంపెనీ యజమాని ఎవడో ఫ్లోరిడాలో ఉంటాడట, వాడి మొహం మనలో ఎవరూ చూడలేదు, వాడైతే అసలే ఎత్తడు. ఎత్తేది మేం. మా అందరి ఇళ్లూ ఇలాంటి కొంపలే."

"అయితే ఎత్తకు" అంది ఒడెట్.

"నేను ఎత్తకపోతే ఇంకొకడు ఎత్తుతాడు."

"ఆ ఇంకొకడితో మాట్లాడు."

అది ఎవరూ అతనికి ఇంతవరకూ చెప్పని మాట. గ్లోరిస్ మొహం తిప్పుకుంది గానీ మళ్లీ పొమ్మనలేదు. అద్దె ఆపడానికి ఎవరెవరు సిద్ధమని ఒడెట్ అడిగింది, చేతులు లేచాయి. డీకన్ హాలిస్ చెయ్యి లేవలేదు. వెర్లీన్ చెయ్యి లేచింది, కాసేపటికి పక్కన థర్మన్‌ది.

*

అద్దె ఆగింది. కిటికీలకి దుప్పట్లు వేలాడాయి. ఒకదాని మీద 'అద్దె కావాలా, వేడి ఇవ్వు' అని రాసి ఉంది. ఇంకోదాని మీద ఒట్టి 'మిస్ ఒజెల్లా' అని.

కంపెనీ కూడా ఊరుకోలేదు. ముందు చెత్త తియ్యడం మానేశారు. తర్వాత మెట్ల దారిలో దీపాలు పోయాయి. చీకట్లో ఎలుకలు కాళ్ల మీంచి పరిగెత్తేవి. రెండు కుటుంబాలు భయపడి గుట్టుగా అద్దె కట్టేశాయి. ఇంకో కుటుంబం సామాను కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, బంధువుల ఇంటి నేలమాళిగకి పోయింది. ఫిబ్రవరి చివర నైలాకి ఊపిరి ఆడక, ఒడెట్ ఆమెని భుజాన వేసుకుని చీకటి మెట్లు తడుముకుంటూ దిగింది. పిల్ల ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఒడెట్ బస్సు డ్యూటీకి పోలేదు. జీతం తెగింది.

"ఇంట్లో పొగ తాగుతారా? కుక్కలున్నాయా?" అని అడిగాడు ఆస్పత్రి డాక్టరు.

"కంపెనీ ఉంది" అంది ఒడెట్.

డాక్టరు కొత్త ఇన్‌హేలర్ రాసిచ్చి, పిల్లని వెచ్చగా, తేమ లేని చోట ఉంచమని చెప్పాడు.

మేనేజరు ప్రెస్కాట్ ఒక సాయంత్రం వచ్చి నేరుగా డీకన్ హాలిస్ తలుపు కొట్టాడు. ఎదురుగానే ఉన్న తన ఇంట్లోంచి ఒడెట్ అంతా వింది.

"మీరు పెద్దమనిషి. ఈ ఆడదాని మాట విని వీళ్లంతా చెడిపోతున్నారు. మీరు నాలుగు మంచి మాటలు చెప్పండి. ఇదే వీధి చివర మా కొత్త భవనంలో వెచ్చటి ఇల్లు చూపిస్తాను మీకు."

డీకన్ తలుపు సగం మూశాడు. "ప్రెస్కాట్ గారూ, మిస్ ఒజెల్లా శవపెట్టె మోసినవాళ్లలో నేనొకణ్ని. చాలా శవాలు మోశాను ఈ ఊళ్లో. అంత తేలికైన పెట్టె ఎప్పుడూ మొయ్యలేదు. ఆవిణ్ని మీరు ముందే తినేశారు. నా దగ్గర తినడానికి పెద్దగా కండ లేదు, వెళ్లండి."

మర్నాటి నుంచి డీకన్ కిటికీకి కూడా దుప్పటి వేలాడింది. ఆయన ఇంట్లో ఇంకేమీ లేక చర్చి బల్ల మీది తెల్ల గుడ్డే వేలాడదీశాడు.

ఇటు థర్మన్ ఇంకొకడితో మాట్లాడుతున్నాడు.

మధ్యాహ్నాలు ట్రక్కు వెనకభాగంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని తినేవాళ్లు ముగ్గురూ. "మనం మొయ్యం అంటే ఏమవుతుంది?" అన్నాడు థర్మన్.

"ఇంటికి పోతాం. నా పెళ్లాం నన్ను మోసి బయట పడేస్తుంది" అన్నాడు లెరాయ్ నోటినిండా రొట్టెతో.

ఎఫ్రాయిన్ తినడం ఆపాడు. "పోయిన ఎండాకాలం క్లార్క్ వీధి పక్కన ఒక ఇల్లు ఖాళీ చేయించాం, గుర్తుందా? నీలం సోఫా. మెట్ల మలుపులో ఇరుక్కుంది."

"ఆఁ, గుర్తుంది."

"మా అక్క ఇల్లు అది. మీకు చెప్పలేదు. అక్క నన్ను చూసి, 'జాగ్రత్త తమ్ముడూ, గోడకి గీరుకుంటుంది' అంది. అంతే. మళ్లీ ఇంతవరకు నాతో మాట్లాడలేదు." రొట్టె కాగితంలో చుట్టేశాడు. "మొయ్యొద్దంటే నేను మొయ్యను, థర్మన్."

"మీ ఇద్దరికీ పిచ్చి పట్టింది" అన్నాడు లెరాయ్. "కోవాచ్ రేపు ఇంకో ఇద్దర్ని తెస్తాడు. మీరు రోడ్డు మీద పాటలు పాడుకోండి. నీ ఒడెట్ నాకు బస్సు ఇస్తుందా నడుపుకోడానికి?"

"ఇవ్వదు."

"మరి?"

"నాకు తెలీదు లెరాయ్. నాకు తెలిసిందల్లా ఆ మిషను ఆగిపోయిన చప్పుడే. నీకు వినిపించలేదా? నువ్వు పక్కనే ఉన్నావు."

లెరాయ్ ట్రక్కు దిగి అటు వెళ్లిపోయాడు.

*

మార్చిలో ఒడెట్ పేరు మీద కోర్టు ఆర్డరు వచ్చింది. అందరూ అద్దె ఆపినా కంపెనీ ముందు ఆమెనే ఎంచుకుంది. తల తీస్తే మొండెం పడిపోతుందనుకున్నారు.

ఆ పొద్దున తెల్లారకముందే హాథోర్న్ కోర్ట్ మెట్ల నిండా జనం. గుమ్మం దగ్గర్నుంచి రెండో అంతస్తు దాకా, మెట్టు మెట్టుకీ ఇద్దరూ ముగ్గురూ. ముసలాళ్లు కుర్చీలు వేసుకున్నారు. గ్లోరిస్ పెద్ద డేక్సాలో కాఫీ కాచి పంచుతోంది. ఎదురుగా అదే కంపెనీ భవనంలో కిటికీల వెనక తెరలు కదిలాయి. ఎవరూ బయటికి రాలేదు.

ట్రక్కు వచ్చింది. వెనకాల రెండు పోలీసు కార్లు. అమీనా గ్రేడీ దిగి, మెట్లు చూసి, నిట్టూర్చాడు.

"నాకు మీ మీద కోపం లేదు. నా చేతిలో ఆర్డరుంది" అన్నాడు.

"మా చేతిలో కాఫీ ఉంది. తాగుతావా?" అంది గ్లోరిస్.

జనం పకపక నవ్వారు. కోవాచ్‌కి నవ్వు రాలేదు. "థర్మన్, మోకులు తీసుకో. వెనక మెట్ల నుంచి వెళ్లండి."

థర్మన్ భుజం మీది మోకు తీసి కాలిబాట మీద పెట్టాడు. "నేను మొయ్యను."

"ఏంటి?"

"ఈ ఇల్లు నేను మొయ్యను. ఇక ఏ ఇల్లూ మొయ్యను."

ఎఫ్రాయిన్ మోకు కూడా దాని పక్కన పడింది. మెట్ల మీంచి అరుపులు, ఈలలు, చప్పట్లు. ఎవరో పళ్లెం తీసి గరిటెతో కొట్టడం మొదలెట్టారు. కోవాచ్ మొహం కందగడ్డయింది. "లెరాయ్!"

లెరాయ్ ఇద్దర్నీ చూశాడు. మెట్ల మీది జనాన్ని చూశాడు. అతని ఇంట్లో ముగ్గురు పిల్లలు. మోకు తీసి భుజాన వేసుకుని, తల వంచుకుని వెనక మెట్ల వైపు నడిచాడు. ఫోన్ చేస్తే పక్క ఊరి నుంచి ఇంకో నలుగురు కూలీలు వ్యాన్‌లో దిగారు. వాళ్లూ నల్లవాళ్లే, వాళ్లూ బీదవాళ్లే. ఏ పనో తెలీకుండానే వచ్చారు. పోలీసులు ముందు మెట్ల మీదివాళ్లని రెక్కలు పట్టి లాగుతుంటే, వెనక మెట్ల నుంచి ఒడెట్ ఇల్లు దిగడం మొదలైంది.

సోఫా వచ్చింది. నైలా మంచం వచ్చింది. పెట్టెలు, పొయ్యి మీద సగం ఉడికిన ఆకుకూర గిన్నెతో సహా వచ్చాయి. మధ్యాహ్నానికి ఒడెట్ సంసారమంతా కాలిబాట మీద ఉంది. మంచూ వానా కలిసి పడుతున్నాయి. ఒడెట్ తలుపుకి కొత్త తాళం వేసి, సంతకాలు పెట్టుకుని, గ్రేడీ తన కారెక్కాడు.

ఇలాగే అయిపోతుంది ఎప్పుడూ. కోర్టు గెలుస్తుంది. ట్రక్కు పోతుంది. జనం లోపలికి పోయి తలుపులేసుకుంటారు. ఆ రోజు కూడా కొందరు తలలు వేలాడేసుకుని లోపలికి తిరిగారు. ఒడెట్ మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఏడవడం ఆ భవనంలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

థర్మన్ సోఫా దగ్గరికి వెళ్లి, మోకాళ్లు వంచి, ఒక కొస కింద చేతులు పెట్టాడు.

"ఎఫ్రాయిన్, అటుపక్క పట్టు."

"ఎక్కడికి?"

"ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడికి."

"తాళం వేశాడు కదయ్యా."

రెండో అంతస్తు కిటికీలోంచి డీకన్ హాలిస్ గొంతు వినిపించింది. "వాడు తాళం వేసింది ఒక్క తలుపుకి! నా తలుపు తీసే ఉంది. సోఫా నా ఇంటికి తెండి."

"మంచం మా ఇంటికి!" అని అరిచింది వెర్లీన్. "పిల్ల కూడా!"

"గిన్నెలు నాకు పంపండి!" గ్లోరిస్. "ఆ ఆకుకూర పారబొయ్యకండి, ఇక్కడ జనం ఆకలితో ఉన్నారు!"

ఇక ఆగలేదు. లోపలికి పోయినవాళ్లు మళ్లీ దిగారు. దిండ్లు, పెట్టెలు, పిల్ల బూట్లు, దీపాలు, చేతుల మీదుగా మెట్లెక్కుతున్నాయి. ఒకరు తడుస్తూ అందిస్తున్నారు, ఒకరు అందుకుంటున్నారు. పక్క ఊరి కూలీల్లో ఒకడు వ్యాన్ ఎక్కబోయి ఆగి, ఒక పెట్టె ఎత్తి వరసలో అందించి, ఏమీ ఎరగనట్టు వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నాడు.

ప్రెస్కాట్ పోలీసుల దగ్గరికి పరిగెత్తాడు. "ఇది కంపెనీ ఆస్తి! ఆ సామాను లోపలికి రాకూడదు! ఆపండి!"

సోఫా మొదటి మలుపు తిరుగుతోంది. థర్మన్ కింది కొస మోస్తున్నాడు. నడుం చిట్లిపోతోంది. పోలీసు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"కింద పెట్టు."

"మెట్ల మధ్యలో ఎలా పెట్టనయ్యా? పైన పెట్టాక మాట్లాడదాం."

"కింద పెట్టమన్నాను!"

"నేను వదిలితే ఇది నీ మీదే పడుతుంది."

రెండో పోలీసు అతని చెయ్యి వెనక్కి విరిచాడు. సోఫా ఒరిగింది. పైన ఎఫ్రాయిన్ కేక పెట్టాడు. థర్మన్ మోకాళ్ల మీద పడ్డాడు, బరువు అతని మెడ మీదికి జారింది. జారిన బరువు ఒక్కసారిగా తేలికయింది. కిందినుంచి రెండు లావుపాటి చేతులు వచ్చి సోఫా కొసని పట్టుకున్నాయి.

లెరాయ్ చేతులు. పొద్దున దాన్ని దించిన చేతులే.

"ఎక్కు, ఎక్కు" అన్నాడు లెరాయ్ ఎఫ్రాయిన్‌తో, ఎవరి మొహమూ చూడకుండా. "నిలబడితే నా నడుం పోతుంది."

థర్మన్‌కి బేడీలు వేస్తున్నంతసేపూ సోఫా పైకి పోతూనే ఉంది.

*

థర్మన్‌ని, ఒడెట్‌ని, ఇంకా నలుగుర్ని తీసుకుపోయారు. పోలీసుల విధులకి అడ్డుపడ్డారని, కంపెనీ ఆస్తిలోకి అక్రమంగా జొరబడ్డారని కేసు పెట్టారు. థర్మన్ తను ఉండే భవనంలోకే తను జొరబడ్డాడట. మిగిలినవాళ్లు జామీను మీద బయటికొచ్చారు. పోలీసు మీద సోఫా తోస్తానని బెదిరించాడని థర్మన్ మీద ఇంకో కేసు కలపడంతో అతన్ని లోపలే ఉంచారు.

వెర్లీన్ చూడ్డానికి వచ్చింది. మధ్యలో గాజు అద్దం. ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకున్నారు.

"నడుం ఎలా ఉంది?"

"ఇక్కడ మోసే పని లేదుగా. విశ్రాంతి. కోవాచ్?"

"ముగ్గుర్నీ తీసేశాడు. లెరాయ్ పెళ్లాం మొన్న మన ఇంటికొచ్చింది. తిట్టడానికొచ్చిందనుకున్నా. తిట్టింది కూడా. తర్వాత కూర్చుని గ్లోరిస్‌తో కలిసి కొత్త దుప్పటి మీద అక్షరాలు రాసింది."

"బాయిలర్?"

"చల్లగానే ఉంది. ఈసారి రంగు కూడా వెయ్యలేదు." వెర్లీన్ మొహం మీద నవ్వు లేదు. "నైలాకి మొన్న మళ్లీ ఆయాసం వచ్చింది. రాత్రంతా ఒడెట్, నేను వంతులవారీగా ఎత్తుకున్నాం. నీ మంచం ఒడెట్‌కిచ్చేశాను."

"మరి నేనొచ్చాక ఎక్కడ పడుకోను?"

"నేల మీద. నాతో పాటే." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "మన మీద కూడా ఆర్డరు వస్తుందట, థర్మన్. ప్రెస్కాట్ చెప్పి పోయాడు. అందరి మీదా వస్తుందట."

థర్మన్ తల ఊపాడు. అద్దం మీద అతని ఊపిరి తెల్లగా పట్టి పోయింది.

"భయంగా ఉందా?" అన్నాడు.

"భయం లేకుండా ఎట్లా ఉంటుంది?" ఆమె కోటు గుండీలు పెట్టుకుంటోంది. "ఎదుటి భవనంలో ఒక పిల్లల తల్లిని రేపు ఖాళీ చేయిస్తారట. మనవాళ్లు వాళ్ల తలుపు కొట్టకముందే వాళ్లే నిన్న వచ్చి మన తలుపు కొట్టారు. డీకన్ నిన్నట్నుంచీ వాళ్లింట్లోనే ఉన్నాడు. కోవాచ్‌కి మోసేవాళ్లు దొరకట్లేదట, రెండు ఊళ్లు తిరుగుతున్నాడు."

"దొరుకుతారు వాడికి."

"దొరుకుతారు. వాళ్లతో ఎఫ్రాయిన్ మాట్లాడుతున్నాడు." కాపలావాడు టైము అయిందని వేలు చూపించాడు. వెర్లీన్ లేచింది. ఫోన్ పెట్టబోయి మళ్లీ చెవి దగ్గరికి తెచ్చుకుంది. "పోతాను. ఆలస్యమైతే ఎదుటి భవనం మెట్ల మీద చోటు దొరకదు."